ఎత్తు మడిలో తోడు మొక్కలు: ఏది ముందు, ఏది ఎక్కడ, ఏది ఎప్పుడు పీకాలి

"టమాటా పక్కన బంతి పెట్టాం. అయినా పురుగు కాయకు కాయా తొలిచేసింది. ఈ తోడు మొక్కలన్నది వట్టి మాటేనా?" చలికాలం వచ్చిందంటే నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇలాంటివే. నేను తిరిగి అడిగేది ఒకటే: బంతి నారు ఎప్పుడు పోశారు? దాదాపు అందరి జవాబూ ఒకటే: "టమాటాతో పాటే."

చిక్కంతా అక్కడే ఉంది. దేని పక్కన ఏది నాటాలో చెప్పే పట్టికలు కావలసినన్ని దొరుకుతాయి. ఎన్ని రోజుల ముందు నాటాలో, ఏ దిక్కున నాటాలో, ఎప్పుడు తీసేయాలో మాత్రం వాటిలో ఉండదు. తోడు మొక్కల పని ముప్పాతిక వంతు తేదీల లెక్కే.

అందుకే ఇక్కడ ఒకే ఒక్క మడిని మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తాను: 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, చలికాలపు టమాటా. తేదీలు హైదరాబాదు చుట్టుపక్కల వాతావరణానికి సరిపోతాయి. నెల్లూరు, ప్రకాశం వంటి చోట్ల ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గేదాకా ఆగి, అన్ని తేదీలనూ ఒకే లెక్కన ఆలస్యం చేయండి. తేదీ మారినా పరవాలేదు, వాటి మధ్య ఎడం మారకూడదు.

## 1. మడి కట్టడం

వెడల్పు 4 అడుగులు దాటనివ్వకండి. ఏ పక్క నుంచి చేయి చాపినా మడి మధ్యకు అందాలి. ఒక్కసారి లోపల కాలు పెట్టారంటే గుల్లగా ఉన్న మట్టి అణిగిపోతుంది, ఎత్తు మడి కట్టిన ప్రయోజనం పోతుంది. ప్రహరీగోడను ఆనుకుని కడితే ఒక పక్క నుంచే అందుతుంది కనుక 2 అడుగులు చాలు.

ఎర్రనేలలో అడుగు ఎత్తు సరిపోతుంది. నల్లరేగడిలో వానకు నీరు నిలుస్తుంది కాబట్టి అడుగున్నర పెట్టండి.

గట్లకు చెక్క వాడమని విదేశీ వీడియోలు చెబుతాయి. మన చెదలకు అది విందు భోజనం. నా మొదటి మడికి మామిడి చెక్కలు పెట్టాను. రెండో వానాకాలానికి గోరుతో గీరితే పొడిగా రాలాయి. నిలువుగా పాతిన కడప బండలు, షాబాదు బండలు, ఇటుకలు, సిమెంటు దిమ్మెలు – వీటిలో మీ ఊళ్లో ఏది చవకో అది తీసుకోండి. కలుపు రాకుండా అడుగున అట్టలు పరచమన్న సలహా కూడా చెదలున్న నేలలో పనికిరాదు. గడ్డిని వేళ్లతో సహా తవ్వి తీసేయడమే మేలు.

మడి పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. చలికాలంలో సూర్యుడు మనకు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. తీగలు, ఎత్తు మొక్కలు ఉత్తరపు గట్టున ఉంటేనే పొట్టి వాటి మీద నీడ పడదు. వేసవిలో ఈ లెక్క మారుతుంది, దాని సంగతి 7వ అంశంలో.

మిద్దె మీద పెట్టాలనుకునే వారికి ఒక హెచ్చరిక: ఈ కొలత మడిలో తడిమట్టి బరువు టన్నుకు పైమాటే. ఇంజనీరుకు చూపించకుండా స్లాబు మధ్యలో ఇలాంటిది కట్టకండి. మిద్దెతోటకు ఇదే పథకాన్ని నాలుగైదు వెడల్పాటి తొట్లలో విడివిడిగా పెట్టుకోవచ్చు.

కట్టే ముందు సరిచూసుకోండి:

- రోజుకు కనీసం 6 గంటల ఎండ
- నీటి పైపు అందే దూరం
- రెండు మడుల మధ్య ఒకటిన్నర నుంచి 2 అడుగుల దారి
- దగ్గరలో పెద్ద చెట్టు వేళ్లు లేని చోటు

## 2. మట్టి నింపడం

8×4×1 అంటే 32 ఘనపుటడుగులు. ఖాళీ సిమెంటు బస్తాతో కొలిస్తే సుమారు 26 బస్తాలు. నేను కలిపే పాళ్లు ఇవి:

- ఎర్రమట్టి 13 బస్తాలు
- బాగా మాగిన పశువుల ఎరువు లేదా కంపోస్టు 8 బస్తాలు
- నానబెట్టి పిండిన కొబ్బరిపొట్టు 5 బస్తాలు
- వేపపిండి 2 కిలోలు

ఎరువు మాగిందో లేదో తెలుసుకోవడానికి కుప్పలోకి చేయి పెట్టండి. వెచ్చగా తగిలినా, పేడ వాసన వచ్చినా ఇంకా మాగలేదు. పచ్చి ఎరువుతో వేరుపురుగు మడిలోకి వస్తుంది, కలుపు గింజలు బోనస్.

నాటడానికి 10 రోజుల ముందు 5 కిలోల పశువుల ఎరువులో 100 గ్రాముల ట్రైకోడెర్మా పొడి (తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రం), అరకిలో వేపపిండి కలిపి, పిడికిట పడితే ముద్ద కట్టేంత తడిపి, నీడలో గోనెసంచి కప్పి ఉంచండి. ఆ మిశ్రమాన్ని మడి పైపొరలో కలపండి. నారుకుళ్లు, ఎండుతెగుళ్ల బెడద తగ్గుతుంది.

నింపిన వెంటనే నాటకండి. రెండు మూడు సార్లు బాగా తడిపితే మట్టి రెండు మూడు అంగుళాలు దిగుతుంది. అప్పుడు మళ్లీ నింపి, ఆ తరువాత నాటాలి. ఈ ఒక్క పని వదిలేసిన వారి మడిలో నెల తిరిగేసరికి వేళ్లు పైకి తేలుతాయి.

## 3. తోడు ఏ పనికో ముందు తేల్చుకోండి

"టమాటాకు బంతి మంచిది" అన్న మాటకు అర్థం లేదు. దేనికి మంచిది? బంతి రెండు వేరువేరు పనులు చేస్తుంది, ఆ రెంటికీ నాటే పద్ధతి వేరు.

ఎర పంటగా: టమాటా కాయను తొలిచే శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగు బంతి మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రైతులకు చెప్పే పద్ధతిలో ప్రతి 16 వరుసల టమాటాకు ఒక వరుస పొడవు రకం ఆఫ్రికన్ బంతి ఉంటుంది. నాటే రోజున బంతి నారు వయసు సుమారు 40–45 రోజులు, టమాటా నారు వయసు 25 రోజులు. ఈ తేడాలోనే కిటుకంతా ఉంది. రెండూ ఒకే సమయానికి పూతకు రావాలి. బంతి మొగ్గ లేకపోతే ఆ పురుగుకు మిగిలేది మీ టమాటాయే.

నులిపురుగుల మీద: బంతి వేళ్లలోని రసాయనాలు వేరుబుడిపె నులిపురుగులను (మట్టిలో ఉండి మొక్కల వేళ్లలో చేరి ఉబ్బులు పుట్టించే, కంటికి ఆనని పురుగులను) అణచివేస్తాయి. నిజమే. కానీ మడి మూలన రెండు మొక్కలు పెడితే ఆ రెండు మొక్కల వేళ్ల చుట్టూ తప్ప ఇంకెక్కడా ఆ ప్రభావం ఉండదు. నులిపురుగు ఉంటే మడి నిండా బంతే ఒత్తుగా వేసి రెండు మూడు నెలలు ఉంచాలి. ఆ కాలంలో అక్కడ టమాటా ఉండదు.

ఇక మిగతా తోడు మొక్కలు చేసే పనులు:

- మిత్రపురుగులకు (చీడపురుగులను తినేవాటికి) తిండి: కొత్తిమీర, మెంతి, సోంపు, సబ్జా పూలు. సిర్ఫిడ్ ఈగలు, అక్షింతల పురుగులు, గుడ్లపై బతికే సన్న కందిరీగలు ఈ పూల పుప్పొడికి, తేనెకు వస్తాయి. గుర్తుంచుకోవలసిందల్లా, కొత్తిమీరను కోసి వండుకుంటూ పోతే పూత ఉండదు. కొంత భాగం వదిలేయాలి.
- అడ్డుగోడ: జొన్న, మొక్కజొన్న. గాలివాటుగా వచ్చే తెల్లదోమ, తామర పురుగులు ముందు వీటికి తగులుతాయి.
- చోటు పంచుకోవడం: ముల్లంగి 40–45 రోజుల్లో వెళ్లిపోతుంది. టమాటా కొమ్మలు అంత దూరం రావడానికి అంతకాలం పడుతుంది.
- తుమ్మెదలను రప్పించడం: టమాటా, వంగ పూలను పట్టుకుని అదిరిస్తే పుప్పొడి బాగా రాలుతుంది. ఆ పని నల్లతుమ్మెదలకు వచ్చు, మామూలు తేనెటీగలకు రాదు. తులసి, సబ్జా పూతలో ఉంటే అదిరించే జాతి తేనెటీగలు రోజూ వస్తాయి.

తులసి పక్కన పెంచితే టమాటాకు రుచి పెరుగుతుందంటారు. నా నాలుకకు ఆ తేడా ఎన్నడూ తెలియలేదు. తుమ్మెదల కోసం పెట్టండి, చాలు.

బీన్స్ పక్క మొక్కకు నత్రజని ఇస్తుందన్నదీ సగం నిజమే. వేరు బుడిపెల్లో పట్టిన నత్రజనిని మొక్క చాలావరకు తనకే వాడుకుంటుంది. పంట అయ్యాక పీకకుండా మొదలు దగ్గర కోసి వేళ్లు మట్టిలోనే వదిలేస్తే తరువాతి పంటకు కొంత దక్కుతుంది. ఆ లెక్కన చూసినా బీన్స్ కన్నా అలసంద నయం.

## 4. తేదీల పట్టిక

- ఆగస్టు 25: పొడవు రకం బంతి నారు పోయాలి.
- సెప్టెంబరు 12: టమాటా నారు పోయాలి.
- సెప్టెంబరు 15–25: మడి నింపి, తడిపి, దిగనివ్వాలి.
- సెప్టెంబరు 28: ఆగ్నేయ మూలలో చిన్న పిడికెడు ధనియాలు. ఇవి కోతకు కావు, పూత కోసం.
- అక్టోబరు 8: బంతి, టమాటా నాటాలి. అప్పటికి బంతికి 44 రోజులు, టమాటాకు 26 రోజులు.
- అక్టోబరు 10: ముల్లంగి, కొత్తిమీర, తీగ బీన్స్ విత్తనం. వేరే కుండీలో ఉల్లి నారు.
- నవంబరు 20–25: ముల్లంగి తీసేసి, ఆ చోట 45 రోజుల ఉల్లి నారు నాటాలి.

బతుకమ్మ కోసం జూన్‌లో వేసిన బంతి ఈ పనికి రాదు. టమాటా పూతకు వచ్చేసరికి అది ముసలిదైపోతుంది.

ఆగస్టులో మరచిపోయారా? నర్సరీలో మొగ్గ తొడిగిన బంతి మొక్కలు దొరుకుతాయి. టమాటా నాటే రోజున వాటినే కొని పెట్టండి. పొట్టి రకం కాకుండా పొడవు రకం అడగండి.

## 5. నాటే క్రమం

మడికి దక్షిణం వైపు నిలబడి, ఉత్తరపు గట్టు నుంచి మీ వైపు లెక్కపెట్టుకుంటూ రండి. నాటడం సాయంత్రం పూటే, 4 గంటల తరువాత.

మొదట కర్రలు. ఉత్తరపు గట్టు వెంట 6 అడుగుల వెదురు కర్రలు పాతి, తాళ్లు లేదా వల కట్టండి. టమాటాలకు కూడా ఊతకర్రలు ఇప్పుడే పాతాలి. మొక్క పెరిగాక పాతితే వేళ్లు తెగుతాయి, ఆ గాయం గుండా తెగులు వస్తుంది.

ఉత్తరపు గట్టుకు 4 అంగుళాల లోపల: తీగ బీన్స్, అరడుగుకు ఒక గింజ. కోస్తాలో వేడి ఎక్కువ కనుక బీన్స్‌కు బదులు తీగ అలసంద పెట్టండి. పందిరి చిక్కుడు పెట్టాలని నోరూరుతుంది, తెలుసు. వద్దు. జనవరికి మడి అంతా దానిదే అవుతుంది. దానికి విడిగా పందిరి వేయండి.

గట్టుకు 20 అంగుళాల దూరంలో: టమాటా వరుస. 4 మొక్కలు, ఒక్కోదానికీ మధ్య అడుగున్నర. వరుస రెండు కొసల్లో, గట్టుకు అరడుగు లోపల, ఒక్కో బంతి. మడి మొత్తానికి ఈ రెండు బంతులు చాలు. "మంచిదే కదా" అని ఆరు పెట్టకండి. పొడవు బంతి మూడడుగులు పెరిగి టమాటా వెలుతురు తినేస్తుంది.

బీన్స్‌కూ టమాటాకూ మధ్య ఉన్న పట్టీలో: కొత్తిమీర. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి విత్తండి. మొలక రావడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఐదో రోజున "మొలవలేదు" అని మట్టి కెలకకండి.

టమాటాకు 14 అంగుళాలు దక్షిణంగా: ముల్లంగి రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ 4 అంగుళాలు. తరువాత ఇది ఉల్లి చోటు.

దక్షిణపు గట్టున: మెంతి ఒక వరుస. ఆగ్నేయ మూలలో ముందే చల్లిన ధనియాలు, నైరుతి మూలలో ఒక సబ్జా మొక్క.

పుదీనా కావాలంటే కుండీతో సహా మడిలో పాతండి, కుండీ అంచు మట్టికి రెండు అంగుళాలు పైన ఉండేలా. నేరుగా నాటితే దాని పాకుడు వేళ్లు ఒక వానాకాలంలో మడి ఈ కొస నుంచి ఆ కొసకు పోతాయి. ఆ వేళ్లను పూర్తిగా ఏరడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు.

నాటిన 15 రోజులకు, విత్తనాలన్నీ మొలిచాక, మొక్కల మధ్య వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ రెండు అంగుళాల మందాన పరవండి. మొదలుకు ఆనకుండా కొంచెం ఎడం వదలాలి. ఎత్తు మడి నేల కన్నా త్వరగా ఆరుతుంది. ఈ కప్పు లేకపోతే చలికాలంలో కూడా రోజూ నీళ్లు పోయాల్సి వస్తుంది.

## 6. వారం వారం చేసే పని

ఎర పంట పెట్టి వదిలేస్తే అది పురుగుల నర్సరీ అవుతుంది. ఈ పద్ధతిలో విఫలమైన వారిలో చాలామంది ఇక్కడే ఆగిపోయారు. పురుగు బంతి దగ్గరకు రావడం సగం పని. వచ్చిన పురుగును తీసేయడం మిగతా సగం. అది మీరే చేయాలి.

వారానికి రెండుసార్లు, పొద్దున్నే:

- బంతి మొగ్గలు ఒక్కొక్కటే తిప్పి చూడండి. చిల్లు ఉన్న మొగ్గను, నల్లని రెట్ట ఉన్న పువ్వును తుంచి సబ్బునీళ్ల డబ్బాలో వేయండి.
- విచ్చిన పూలు కోసేయండి. పూజకో, గుమ్మానికో, సంక్రాంతి గొబ్బెమ్మలకో. పూలతో పాటు పురుగులూ తోట దాటుతాయి, కొత్త మొగ్గలూ వస్తాయి.
- టమాటా లేత ఆకుల అడుగు భాగం చూడండి. పేనుబంక ఉందా? దాని చుట్టూ చీమలు తిరుగుతున్నాయా? చీమలు పేనుబంకను కాపలా కాస్తాయి. నీటిధారతో కడిగేసి, చీమల దారికి అడ్డంగా వేపపిండి చల్లండి.
- నలుపు, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా పాకే పురుగు కనిపిస్తే ముట్టుకోకండి. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్ద పురుగును గుర్తుపట్టి వదిలేసేవారు కూడా ఈ పిల్లను చీడపురుగనుకుని నలిపేస్తుంటారు. పేనుబంకను ఆరగించడంలో అది తల్లికేమీ తీసిపోదు.

చేతితో తీసినా తగ్గకపోతే 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి పిచికారీ చేయండి. సాయంత్రం, తేనెటీగలు వెళ్లాకే. పూత మీద కొట్టకండి. మిత్రపురుగుల కోసం పూలు పెంచి, ఆ పూల మీదే మందు కొట్టడం పెళ్లికి పిలిచి తలుపు వేసుకున్నట్టు.

## 7. మిగతా పంటలకు జతలు

క్యాబేజీ, కాలీఫ్లవర్ – ఆవాలు. ఇక్కడ శత్రువు ఆకులను జల్లెడ చేసే డైమండ్ బ్యాక్ రెక్కలపురుగు. దానికి ఆవ మొక్క ఇంకా ఇష్టం. ఆవాలను రెండుసార్లు చల్లాలి: క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు ఒకసారి, నాటిన 25 రోజులకు మరోసారి. మొదటి ఆవాలు ముదిరేసరికి రెండోవి లేతగా అందుబాటులో ఉంటాయి. పొలంలో 25 వరుసలకు ఒక జత వరుసలు చెబుతారు. మన మడికి ఒక కొసన అడుగు పట్టీ చాలు. పురుగు పట్టిన ఆవ మొక్కలను వేళ్లతో పీకి సంచిలో కట్టి తీసేయండి. వంటింటి పోపుడబ్బాలోని ఆవాలే విత్తనం.

మిరప – జొన్న, ఆముదం. జొన్న లేదా మొక్కజొన్న మడి లోపల కాదు, మడి బయట నేలలో, గాలి వచ్చే వైపు రెండు వరుసలు వేయండి. మిరప నాటడానికి మూడు వారాల ముందు వేస్తే గోడలా నిలబడుతుంది. పొగాకు లద్దెపురుగు కోసం ఆముదం ఒకటి రెండు మొక్కలు. దాని వెడల్పాటి ఆకుల అడుగున గుడ్ల సముదాయాలు తేలిగ్గా కనిపిస్తాయి, ఆ ఆకును తుంచేయడమే. ఆముదం గింజలు విషం. పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో గెల వేసిన వెంటనే తుంచేయాలి, లేదా ఈ మొక్క జోలికే పోకూడదు.

వంగ – కొత్తిమీర. మొక్కల మధ్య కొత్తిమీర పూతకు వదిలితే మిత్రపురుగులు పెరుగుతాయి. అయితే మొవ్వు, కాయ తొలుచు పురుగును కొత్తిమీర ఒక్కటే ఆపలేదు. తలవాల్చిన కొమ్మ కనిపించిన రోజే, వాడిన భాగానికి అంగుళం కింద కోసి కాల్చేయండి. అది లేకుండా వంగలో ఏ తోడూ పనిచేయదు.

వేసవి మడి. ఏప్రిల్, మే నెలల్లో మన నెత్తి మీద సూర్యుడు నిట్టనిలువుగా ఉంటాడు, మొక్కను చంపేది మధ్యాహ్నం 2 గంటల తరువాతి పడమటి ఎండ. అందుకే వేసవిలో పందిరి పడమటి గట్టున. దాని మీద బీర లేదా కాకర, ఆ నీడలో తోటకూర, కొత్తిమీర. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పగలు తిరిగే తేనెటీగలకు అవి అందవు. పిందెలు పండుబారి రాలిపోతుంటే, సాయంత్రం 6 గంటల ప్రాంతంలో మగపువ్వును కోసి ఆడపువ్వుకు అద్దండి. ఆడపువ్వు వెనుక చిన్న పిందె ఉంటుంది, పోల్చుకోవడం తేలిక.

వానాకాలం పందిరి కింద: అల్లం, పసుపు. పల్చని నీడ వాటికి ఇష్టం, మే నెలాఖరు నుంచి జూన్ మధ్యలో నాటుకోవచ్చు.

## 8. కలిపి పెట్టకూడనివి

బెండ పక్కన గోంగూర పెట్టకండి. రెండూ ఒకే కుటుంబం. పచ్చదోమ, పిండినల్లి ఒకదాని నుంచి ఒకదానికి దర్జాగా నడిచిపోతాయి. గోడవార మందార చెట్టుంటే అది కూడా ఆ బంధువర్గమే. పిండినల్లి ముందు దాని మీదే దిగుతుంది. బెండ మడిని దానికి వీలైనంత దూరంగా ఉంచండి.

సోంపును విడిగా కుండీలో పెంచండి. చుట్టుపక్కల మొక్కలను ఎదగనివ్వదని దానికి పేరుంది. పూలు మాత్రం మిత్రపురుగులకు బాగా నచ్చుతాయి కనుక కుండీని మడి పక్కన ఉంచితే రెండు విధాలా లాభం.

గుమ్మడి, బూడిదగుమ్మడి, దోస పాదులను ఈ కొలత మడిలో దేనితోనూ కలపకండి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే పద్ధతి పొలానికి బాగుంటుంది. 32 చదరపు అడుగుల్లో గుమ్మడి ఒక్కటే మిగులుతుంది.

ఉల్లి, వెల్లుల్లి పక్కన బీన్స్ బతకదని చాలా పట్టికల్లో ఉంటుంది. నా మడుల్లో అలాంటిదేమీ కనిపించలేదు. పై పథకంలో వాటి మధ్య టమాటా వరుస ఉంది కనుక భయం ఉన్నవారికీ ఇబ్బంది లేదు.

## 9. తప్పులు, సవరణలు

టమాటా ఏపుగా పెరిగింది, పూత లేదు. ఎరువు ఎక్కువైంది, లేదా నీడ. బీన్స్‌ను నిందించకండి. కింది ఆకులు, పక్క పిలకలు తీసేయండి, పశువుల ఎరువు ఆపండి, నీళ్లు కొంచెం తగ్గించండి.

అన్నీ ఒత్తుగా అయ్యాయి. టమాటా కింద గాలి ఆడకపోతే ఆకుమచ్చ తెగులు తప్పదు. మొదలు నుంచి అడుగు ఎత్తు వరకు ఆకులు తీసేయండి. కొత్తిమీరను ముందు కోయండి, టమాటాను కాదు. ఏది అతిథో ఏది ఇంటివాడో గుర్తుంచుకుంటే ఏది తీయాలో తెలుస్తుంది.

కొత్తిమీర పిలకలు వేయకుండానే పూతకు వచ్చింది. ఎండ ఎక్కువ. కోతకు కావలసినదాన్ని టమాటాకు ఉత్తరం పక్క నీడలో చల్లండి, పూతకు వచ్చినదాన్ని అలాగే వదిలేయండి. అది మిత్రపురుగుల వాటా.

బంతికీ టమాటాకూ కలిపి ఆకులు పసుపు చుక్కలు పడి, సన్న గూడు కనిపిస్తోంది. ఎర్రనల్లి. ఫిబ్రవరి పొడి ఎండలు మొదలవగానే బంతి మీదే ముందు పుట్టి పక్కకు పాకుతుంది. అప్పటికి కాయతొలుచు పురుగు సీజను ముగింపుకు వస్తుంది కాబట్టి బంతిని మొహమాటం లేకుండా పీకేయండి. మిగతా మొక్కల ఆకుల అడుగున నీటిధార కొట్టండి.

మధ్యాహ్నం వాడి, సాయంత్రం తేరుకునే మొక్క. నీరు సరిపోలేదనుకుని మరింత పోస్తారు. ముందు మట్టిలోకి రెండు అంగుళాలు వేలు గుచ్చి చూడండి. తడి ఉండి కూడా వాడుతుంటే మొక్క వేళ్లు చూడాల్సిందే, ఏం చూడాలో 10వ అంశంలో.

## 10. పంట అయ్యాక

మార్చిలో టమాటా తీసేటప్పుడు పీకి వేళ్లు చూడండి, ఇది తప్పనిసరి. వేళ్ల మీద పూసల్లా గట్టి ఉబ్బులు ఉంటే నులిపురుగు ఉన్నట్టు. బీన్స్ వేళ్ల మీద ఉండే నత్రజని బుడిపెలు వేరు: గోటితో గిల్లితే ఊడి వస్తాయి, లోపల గులాబీ రంగు ఉంటుంది. నులిపురుగు ఉబ్బు వేరులో భాగంగా ఉంటుంది, ఊడదు.

ఉబ్బులు లేకపోతే:

- బీన్స్ మొదళ్లు కోసి వేళ్లు వదిలేయండి.
- ఈ మడిలో వంగ, మిరప, బంగాళాదుంప కనీసం రెండు పంటలపాటు వద్దు, అన్నీ టమాటా కుటుంబమే.
- వేసవికి అలసంద, తోటకూర; వానాకాలానికి బీర, కాకర; వచ్చే చలికాలానికి క్యాబేజీ, ఆవాలు.
- ప్రతి పంటకూ ముందు రెండు బస్తాల మాగిన ఎరువు, అరకిలో వేపపిండి.

ఉబ్బులు ఉంటే బెండ కూడా వేయకండి, అది వంగ, టమాటాల లాగే నులిపురుగుకు సులువుగా లొంగుతుంది. వేళ్లను ఒక్కటి కూడా మిగలకుండా తీసి కాల్చేయండి, కంపోస్టులో వేయవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మడిని రెండు మూడు సార్లు తిరగేసి ఎండబెట్టండి. జూన్‌లో తొలకరి పడగానే మడి నిండా, మొక్కకూ మొక్కకూ 8 అంగుళాల ఎడంతో బంతి నాటండి. మధ్యలో ఇంకేమీ వద్దు. సెప్టెంబరు, అక్టోబరులలో బతుకమ్మకు, దసరా తోరణాలకు ఇంటికి సరిపడా పూలు కోసుకోండి. పండుగ అయిన మర్నాడు మొక్కలను ముక్కలుగా నరికి అదే మట్టిలో కలిపేయండి. మూడు వారాలు ఆగి, ఆ మడిలో ఉల్లి నారు పెట్టండి.